పులులు లోపల, పని బయట: ప్రాణహిత ఒడ్డున వన్యప్రాణి బయాలజిస్టు

వన్యప్రాణి బయాలజిస్టు అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఓపెన్ జీపు, మెడలో పెద్ద కెమెరా, ఎదురుగా దర్జాగా నడిచొచ్చే పులి. మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో ఈ ఉద్యోగం చేసేవాళ్ల రోజు చూస్తే పులి కనిపించేది తక్కువ, పెంటికలు కనిపించేది ఎక్కువ. తెల్లారక ముందే లేచి, అడవిలో ముందుగా గీసుకున్న రెండు కిలోమీటర్ల తిన్నని గీత మీద చప్పుడు చేయకుండా నడిచి, అటూ ఇటూ ఎన్ని దుప్పులు, ఎన్ని అడవిపందులు, ఎన్ని మనుబోతులు కనిపించాయో, ఎంత దూరంలో, ఏ కోణంలో కనిపించాయో రాసుకోవాలి. ఆ గీత పక్కనే నేల మీద కొంత మేర కొలుచుకుని అందులో ఏ జంతువు పెంటికలు ఎన్ని పడ్డాయో ఏరి లెక్కపెట్టాలి. మర్నాడు అదే గీత, ఆ మర్నాడు మళ్లీ అదే గీత. దీన్ని ఎవరూ రీల్ చేసి పెట్టరు.

ఇదంతా ఎందుకంటే, లెక్క పులి దగ్గర మొదలవదు. ఒక పెద్దపులి బతకాలంటే ఏడాదికి దాదాపు 50 దుప్పులంత మాంసం కావాలి. మంద తగ్గిపోకుండా ఏటా అందులో పదో వంతు మాత్రమే పులికి పోవాలి అనుకుంటే, ఒక్క పులి వెనక 500 గిట్టల జంతువులు ఉండాలన్నమాట. ఆ 500కి గడ్డి కావాలి, నీళ్లు కావాలి. కాబట్టి పులుల అభయారణ్యంలో బయాలజిస్టు అనేవాడు ముందు గడ్డి మనిషి, ఆ తర్వాతే పులి మనిషి.

పులిని లెక్కపెట్టే పద్ధతి కూడా చాలామంది అనుకున్నట్టు లేదు. పూర్వం పంజా గుర్తులు చూసి, గాజు పలక మీద గీసుకుని, ఇది ఫలానా పులి అని తేల్చేవాళ్లు. ఆ పద్ధతిని నమ్ముకుని కూర్చుంటే రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులు ఉండగానే అడవిలో ఒక్కటీ లేకుండా పోయాయి. 2005లో ఆ సంగతి బయటపడి దేశమంతా గొడవయ్యాక పాత పద్ధతిని పక్కన పెట్టారు. 2006 నుంచి నాలుగేళ్లకోసారి దేశం మొత్తం ఒకే పద్ధతిలో గణన జరుగుతోంది. ఇప్పుడు అడవిని రెండేసి చదరపు కిలోమీటర్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో బాటకు రెండు పక్కలా ఎదురెదురుగా కెమెరాలు కడతారు. రెండెందుకు అనే అనుమానం సహజం. పులి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్క చారలు వేరు, ఒకే కెమెరా పెడితే ఒకే పులిని రెండు పులులుగా లెక్కేసే ప్రమాదం ఉంది. కెమెరా మోకాలి ఎత్తున కట్టాలి, ఎదురుగా పెరిగే గడ్డిని కోసేయాలి, లేకపోతే గాలికి ఊగిన గడ్డి ఫొటోలు వేలల్లో వస్తాయి. వాటి మధ్య ఎలుగుబంట్లు, రేచుకుక్కలు, పశువుల కాపరులు, అప్పుడప్పుడు కెమెరానే ఎత్తుకుపోయే దొంగ ముఖం కూడా. దొరికిన ఫొటోలను బట్టి దొరకని పులులు ఎన్ని ఉండొచ్చో గణితంతో అంచనా కడతారు. అందుకే దీన్ని జనాభా లెక్కలు అనడం కన్నా అంచనా అనడమే సరి.

ఆ అంచనాల్లో ఈ సరిహద్దు కథంతా ఉంది. మహారాష్ట్రలో 2014లో 190 పులులు ఉంటే 2018లో 312 అయ్యాయి, 2022లో 444. అదే తెలంగాణలో 2018లో 26, 2022లో 21. చంద్రపూర్ జిల్లాలోని తాడోబా-అంధారి పులుల అభయారణ్యం లోపలే 2022లో 97 పులులు తేలాయి. దాని కోర్, అంటే లోపలి భాగం, 625 చదరపు కిలోమీటర్లు, చుట్టూ ఉన్న బఫర్ కలిపితే 1,700 పైచిలుకు. ప్రతి ఆడపులికీ తనదంటూ కొంత జాగా కావాలి, మగపులి రెండు మూడు ఆడపులుల జాగాలను కలుపుకుని తిరుగుతుంది, ఏటా పిల్లలు పెద్దవవుతూనే ఉంటాయి. ఇల్లు నిండిపోయింది. రెండేళ్లు నిండకముందే పిల్లపులి, ముఖ్యంగా మగది, తల్లిని వదిలి బయటికి నడవాల్సిందే.

అసలు చిక్కంతా ఇక్కడే. బయాలజిస్టుకు ఉద్యోగం ఇచ్చింది అభయారణ్యం లోపలికి, కష్టమైన పనంతా బయట ఉంది.

లోపలి పని తేలికని కాదు. తాడోబా కోర్ నుంచి నవేగావ్, జామ్నీ లాంటి ఊళ్లు బయటికి తరలిపోయాక వాళ్ల వరి పొలాలు, ఇళ్ల స్థలాలు గడ్డి మైదానాలుగా మారాయి. ఇప్పుడు టూరిస్టులు పులిని చూసి మురిసిపోయే చోట్లలో అవి కూడా ఉన్నాయి. ఒకప్పుడు ఎవరి మడో తెలియకుండానే ఫొటో తీసుకుని వెళ్తారు. పొలం తనంతట తానే మంచి గడ్డిభూమి అయిపోదు. వదిలేస్తే తగిరిస, వయ్యారిభామ, అడవి తులసి, లంటానా వచ్చి కూర్చుంటాయి. దుప్పి వీటిలో దేన్నీ ఇష్టంగా తినదు. వానలు పడ్డాక, పూత రాక ముందు, వేళ్లతో సహా పీకించాలి. ఒక్క వారం ఆలస్యమై విత్తనం రాలిందంటే వచ్చే ఏడాది కూలి మళ్లీ అంతా పెట్టుకోవాలి. కూలీల పైసలు విడుదలయ్యే తేదీ, పూత వచ్చే తేదీ ఎప్పుడూ ఒకటి కావు, ఈ సంగతి ఏ అడవిలో పనిచేసే వాళ్లనడిగినా నవ్వుతూ చెబుతారు. నీళ్ల సంగతీ అంతే. సోలార్ పంపు పెట్టి గుంట నింపితే వేసవిలో జంతువులకు మేలే, అందులో సందేహం లేదు. కానీ అడుగడుక్కూ గుంట పెడితే దుప్పులన్నీ అక్కడే మూగి చుట్టూ గడ్డిని గీకి పారేస్తాయి, రోగమొస్తే ఒకదాన్నుంచి ఇంకోదానికి గబగబా అంటుకుంటుంది, నీళ్లు లేని చోట మామూలుగా తక్కువగా ఉండాల్సిన జంతువులు కూడా పెరిగిపోతాయి. ఎక్కడ నీళ్లు పెట్టాలన్నదాని కన్నా ఎక్కడ పెట్టకూడదన్నది చెప్పడానికే చదువు కావాలి. ఆ మాట వినేవాళ్లు మాత్రం తక్కువ, గుంట తవ్వితే ఫొటో వస్తుంది, తవ్వకపోతే ఏం వస్తుంది?

వినడం దగ్గరే ఇంకో సంగతి ఉంది. మన దేశంలో రక్షిత అడవిని నడిపేది బయాలజిస్టు కాదు, అటవీ శాఖ అధికారి. 2006లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించాక ప్రతి పులుల అభయారణ్యానికీ ఒక సంరక్షణ ప్రణాళిక ఉండాలి, ఒక ఫౌండేషన్ ఉండాలి. బయాలజిస్టులను ఎక్కువగా ఆ ఫౌండేషన్ కిందే కాంట్రాక్టు మీద తీసుకుంటారు. ప్రణాళికలో సగం లెక్కలు వీళ్లవి, సంతకం ఇంకొకరిది. ఎంఎస్సీ చదివి, రెండు మూడేళ్లు ఒక అడవిని గీత గీతగా తెలుసుకున్న మనిషి కాంట్రాక్టు అయిపోయాక వేరే రాష్ట్రానికి పోతే ఆ తెలివంతా వాళ్లతోనే పోతుంది. గణన నాలుగేళ్లకోసారి, కాంట్రాక్టు ఏడాదికోసారి అయితే ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి? ఇది ఒక మనిషి కష్టం మాత్రమే కాదు, అడవికి జ్ఞాపకం లేకుండా చేసే ఏర్పాటు.

ఇక బయటికి వద్దాం. యవత్మాల్ జిల్లాలో, ఆదిలాబాద్‌కు ఆనుకుని, టిపేశ్వర్ అనే చిన్న అభయారణ్యం ఉంది. మొత్తం 148 చదరపు కిలోమీటర్లు. పక్కనున్న పాండర్‌కవడ సంతలో తెలుగు బాగానే వినబడుతుంది. 2019 ఫిబ్రవరిలో అక్కడ ఒక కుర్ర మగపులి మెడకు జాడ చెప్పే రేడియో కాలర్ కట్టారు. అది తల్లిని వదిలి నడక మొదలుపెట్టి, మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దును ఎన్నోసార్లు దాటి, పత్తి చేలల్లోంచి, వాగుల వెంబడి, రోడ్లు దాటుకుంటూ చివరికి బుల్దానా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. కాలర్ పనిచేసినంత కాలంలో అది తిరిగింది 3,000 కిలోమీటర్లకు పైనే. పగలు చేనులో, పొదల్లో పడుకుని రాత్రి నడిచేది, అది పక్కనే ఉందన్న సంగతి చాలా ఊళ్లకు తెలియనే తెలియదు. కాలర్ లేకపోతే మనకూ తెలిసేది కాదు. మ్యాపు మీద కారిడార్, అంటే జంతువులు నడిచే దారి, అని పచ్చగా పూసేది అడవి ముక్కలను. నిజంగా పులి నడిచే దారిలో మాత్రం పత్తి చేను, కంది చేను, రైల్వే కట్ట, ఎవరిదో కోళ్ల షెడ్డు ఉంటాయి.

తూర్పున కూడా ఇదే నడక. తాడోబా వైపు నుంచి, గడ్చిరోలి నుంచి వార్ధా, ప్రాణహిత దాటి పులులు కుమురం భీం జిల్లాలోకి వస్తున్నాయి. ఫాల్గుణ అని పేరుపడ్డ ఆడపులి కాగజ్‌నగర్ అడవుల్లో స్థిరపడి పిల్లల్ని కనడంతో ఆ అడవుల సంగతి అందరికీ తెలిసింది. తమాషా ఏమిటంటే 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించింది కవ్వాల్‌ను, పులులు ఆగింది దాని బయట ఉన్న కాగజ్‌నగర్‌లో. పులికి నోటిఫికేషన్ చదవడం రాదు కదా. నవ్వుకోవడం అయ్యాక మిగిలేది మాత్రం బాధే, 2024 జనవరిలో కాగజ్‌నగర్ దగ్గర రెండు పులులు చచ్చి దొరికాయి, పులి చంపిన పశువు కళేబరానికి విషం పూశారని తేలింది. అదే ఏడాది నవంబరు చివర్లో పత్తి ఏరుతున్న యువతిని పులి చంపింది. ఈ రెండూ ఒకే కథకు రెండు కొసలు.

మనుషుల చావుల్లో ఎక్కువ భారం మాత్రం చంద్రపూర్ జిల్లా బ్రహ్మపురి, గడ్చిరోలి జిల్లా వడ్సా డివిజన్ల మీద పడింది. ఇవి అభయారణ్యాలు కావు, మామూలు అడవి, ఊరు, మడి కలిసిపోయిన నేల. ఎప్పుడు చనిపోతున్నారో చూస్తే ఎందుకో సగం అర్థమవుతుంది. ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున రాలుతుంది, పొద్దెక్కితే వాడిపోతుంది, పశువులు తినేస్తాయి. అందుకే ఆడవాళ్లు చీకటితోనే బుట్ట పట్టుకుని పోతారు, పులి తిరిగేది కూడా ఆ వేళకే. వంగి పువ్వు ఏరుకుంటున్న మనిషి, కూర్చుని తునికాకు కోస్తున్న మనిషి పులికి నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తాడన్నది ఈ రంగంలో చాలామంది చెప్పే మాట. ఇంకో ముడి కూడా ఉంది. పువ్వు తేలిగ్గా ఏరుకోవడానికి చెట్టు కింద ఎండుటాకులు తగలబెడతారు, ఆ నిప్పు పాకి అడవంతా అంటుకుంటుంది, కాలిన చోట గడ్డి ఉండదు, దుప్పి ఉండదు, అప్పుడు పులి చూపు పశువుల మందల మీద పడుతుంది. బయాలజిస్టు ఇచ్చే సలహా ఎప్పుడూ ఒకటే: ఒంటరిగా పోవద్దు, పొద్దు పొడిచాక పోండి, చెట్టు కింద ఊడ్చుకోండి గానీ కాల్చొద్దు. అన్నీ నిజమే. గడ్చిరోలిలో చాలా గ్రామసభలు తునికాకును తామే అమ్ముకుంటాయి, వేసవిలో ఆ పది పదిహేను రోజుల కూలితోనే వానాకాలం విత్తనాలు వస్తాయి. పొద్దెక్కాక పోతే ఆకు పక్కవాడు కోసుకుపోతాడు. ఈ లెక్క వేయకుండా ఇచ్చే సలహా గోడ మీద పోస్టరుగా మిగిలిపోతుంది.

కొన్నిచోట్ల పని బాగానే జరుగుతోంది. తాడోబా బఫర్ ఊళ్లలో ఊరి కుర్రాళ్లతోనే సత్వర స్పందన బృందాలు కట్టారు. సీతారాంపేఠ్‌లో 2023లో ఏఐ కెమెరాలు పెట్టి పులి ఊరి దగ్గరికొస్తే ఫోన్లకు హెచ్చరిక పోయే ఏర్పాటు చేశారు. ఒకరి ప్రాణం పోయాక వచ్చే టెన్షన్‌లో మాత్రం బయాలజిస్టుకు వేరే పరీక్ష. జనం పులిని పట్టమంటారు, ఏ పులిని? ఆ చుట్టుపక్కల నాలుగు పులులు తిరుగుతుంటే చంపింది ఏదో కెమెరా ఫొటోలతో, గాయాల దగ్గర అంటిన లాలాజలం డీఎన్‌ఏతో తేల్చాలి. దానికి రోజులు పడతాయి, కోపం గంటల్లో వస్తుంది. పట్టాలన్నా చంపాలన్నా ఉత్తర్వు ఇవ్వాల్సింది రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి.

ఆ అధికారి పరిధి నది దగ్గర ఆగిపోతుంది. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతుంది, సిరోంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది, అటు ఒడ్డున కాళేశ్వరం. సిరోంచ తాలూకా మహారాష్ట్రలో ఉన్నా చాలా ఊళ్లలో ఇంటి మాట తెలుగే, పెళ్లి సంబంధాలు చెన్నూరు, మంథని వైపు, ఆఫీసు కాగితం మరాఠీలో. 2021 అక్టోబరులో ఒడిశా నుంచి ఛత్తీస్‌గఢ్ మీదుగా ఏనుగుల మంద గడ్చిరోలిలోకి వచ్చింది. 2024 ఏప్రిల్ 3న అందులోంచి విడిపోయిన ఒంటరి మగ ఏనుగు ప్రాణహిత దాటి కుమురం భీం జిల్లాలో దిగి, మిర్చి చేనులో ఉన్న రైతును చంపింది, 24 గంటలు తిరక్కముందే ఇంకో రైతును. తరాలుగా అడవి ఏనుగును చూడని ఊళ్లు అవి. ఏనుగు ఎదురైతే ఎటు పరుగెత్తాలో, రాత్రి దీపం ఎలా పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఈ ఒడ్డు ప్లాన్లలో ఏనుగు అనే మాటే లేదు. అవతలి ఒడ్డున మాత్రం అప్పటికే రెండున్నరేళ్ల అనుభవం ఉంది. రెండు ఒడ్డుల మధ్య దూరం వేసవిలో ఇసుక మీద నడిచి దాటేంత. చనిపోయిన మనిషి కుటుంబానికి పరిహారం కూడా ఒడ్డును బట్టే, మహారాష్ట్రలో 25 లక్షలు, తెలంగాణలో 10 లక్షలు. ఒకే ఏనుగు, ఒకే భాష మాట్లాడే రైతు, ప్రాణానికి రెండు ధరలు.

భాష కూడా ఇక్కడ పనిముట్టే. ఏ జంతువు ఏ దారిలో తిరుగుతోందో తెలుసుకోవడానికి ఊళ్లలో కాపరులతో మాట్లాడటం అన్ని సర్వేల్లో ఉంటుంది. 'పులి' అన్న మాటకు మన ఊళ్లలో చిరుత కూడా అర్థమే. "చారలా, మచ్చలా?" అని రెండో ప్రశ్న వేయకపోతే డేటా అంతా తప్పు. మరాఠీలోనూ ఇదే తిరకాసు, అందుకే వాళ్లు చారలదాన్ని పట్టేదార్ వాఘ్ అని విడిగా చెబుతారు. దుప్పి అంటే ఒక ఊళ్లో చుక్కలది, ఇంకో ఊళ్లో పెద్దది, అంటే సాంబర్. ఇంగ్లీషులో ఫారం పట్టుకుని, హిందీలో అడిగి, మరాఠీలో రిపోర్టు రాసే సర్వేయరు సిరోంచ ఊళ్లలో ఏం రాసుకొస్తాడో ఊహించొచ్చు. జంతువులు ప్రాణహితను ఏ రేవు దగ్గర దాటుతున్నాయో, మేడిగడ్డ బ్యారేజీ వెనక నీళ్లు నిలిచినప్పుడు ఏ రేవు మునిగిందో, 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగి నీళ్లు వదిలేశాక మళ్లీ ఏ రేవు తేలిందో ఉపగ్రహం కొంత చెబుతుంది, మిగతాది పడవ నడిపేవాడు, బర్రెలు కాసేవాడు చెప్పాలి.

ఊరిని పక్కన పెట్టి గీత గీస్తే ఏమవుతుందో 2025లో చూశాం. మే 30న తెలంగాణ ప్రభుత్వం జీవో 49 ఇచ్చి కవ్వాల్‌కూ తాడోబాకూ మధ్యనున్న దాదాపు లక్షా 49 వేల హెక్టార్లను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. బయాలజీ పరంగా చూస్తే సరైన గీతే, పులులు నిజంగా నడిచేది అక్కడే. ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి, బంద్ పాటించాయి, జులైలో ప్రభుత్వం జీవోను నిలిపేసింది. పోడు పట్టాల సంగతి తేలకుండా, గ్రామసభతో కూర్చోకుండా వచ్చిన కాగితాన్ని నమ్మమంటే ఎవరు నమ్ముతారు? 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు దేశంలో ముందుగా పొందిన ఊళ్లలో ఒకటైన మేంఢా-లేఖా ఇదే గడ్చిరోలి జిల్లాలో ఉంది. అడవిని గ్రామసభ చేతికిస్తే నాశనం చేస్తుందనే భయానికి జవాబుగా ఆ ఊరు చాలా ఏళ్లుగా నిలబడి ఉంది. కారిడార్ మ్యాపు వేసేవాళ్లు ముందు ఆ ఊరికి ఒకసారి వెళ్లొస్తే బాగుండేది.

నిండిన ఇల్లు ఖాళీ చేయడానికి ఇంకో దారి, పులుల్నే లారీ ఎక్కించడం. 2023 మేలో బ్రహ్మపురి వైపు నుంచి రెండు ఆడపులుల్ని మహారాష్ట్రలోనే ఉన్న నాగ్‌జీరా అభయారణ్యంలో వదిలారు. 2024లో తాడోబా నుంచి ఇంకో రెండింటిని ఒడిశాలోని సిమ్లిపాల్‌కు పంపారు. అక్కడి పులులు బయటి రక్తం కలవక నల్లబడుతున్నాయి, అందుకని ఆలోచన మంచిదే. ఆ రెండింటిలో జీనత్ అనేది సిమ్లిపాల్‌లో నిలవకుండా జార్ఖండ్ దాటి బెంగాల్‌లోని బాంకుడా జిల్లా దాకా పోయింది, డిసెంబరు 29న మత్తిచ్చి పట్టుకుని వెనక్కి తేవాల్సి వచ్చింది. తప్పు చేసిందని కాదు, అది పులి చేసే పనే చేసింది. ఖర్చు, హడావుడి, రిస్కు చూస్తే మాత్రం కాలినడకన పోయే దారి తెరిచి ఉంచడమే చవక.

పులి, ఏనుగు ఎంతైనా వార్తల్లో వస్తాయి. రాబందుల సంగతి ఎవరికీ పట్టదు. బెజ్జూర్ దగ్గర పాలరాపు గుట్ట అంచుల్లో 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి. గూడు తెలంగాణలో, మేత మాత్రం నది దాటి గడ్చిరోలి దాకా, రాబందుకు రోజుకు వంద కిలోమీటర్లు పెద్ద దూరం కాదు. ఇవి దేశమంతా కుప్పకూలడానికి కారణం వేటగాళ్లు కాదు, పశువులకు నొప్పికి వేసే డైక్లోఫెనాక్. ఆ ఇంజక్షన్ వేసిన గొడ్డు చస్తే, దాన్ని తిన్న రాబందు కిడ్నీలు పాడై చస్తుంది. పశువులకు దాన్ని 2006లో నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు పోతున్నాయని 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు, అదే కోవలోని కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో ఆపారు. కాబట్టి పాలరాపు రాబందుల మీద పనిచేసే మనిషి గుట్ట కింద బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్నంత సేపు అహేరి, సిరోంచ, బెజ్జూర్ మందుల షాపుల్లో కూడా నిలబడాలి. బర్రె కాలు వాస్తే ఏం సూది ఇస్తున్నావన్నా, ఏదీ ఆ సీసా చూపించు అని అడగాలి, అదీ నిన్ను పట్టించడానికి రాలేదని అతను నమ్మేలా.